ప్రణయకావ్యము – పాఠకుని తీర్పు

గ్రంథాలయములకు ఉత్సవములు జరుపునపుడు గ్రంథకర్తలను స్మరించుట, దాతలను ప్రశంసించుట ఆచారము. అది ఉచితమే. కాని గ్రంథమును బ్రతికించువాడు వేరొకడు గలడు. అతడే చదువరి. కవి వ్రాయును, లేఖకుడో ముద్రాపకుడో ప్రతులను సిద్ధము చేయును. ఆ ప్రతిని చేతబట్టి, మెచ్చుకొని, విసుగుకొని, తప్పుపట్టి, ‘ఆ తరువాత నేమయ్యెను?’ అని అడుగువాడు లేనిచో ఎంతటి కావ్యమైనను పెట్టెలోని తాటియాకుల కట్టగానే మిగులును. కవుల చరిత్రలు అనేకములు వెలసినవి. చదువరుల చరిత్ర మాత్రము అంతగా వెలయలేదు. అందును ప్రణయకథలను చదివినవారు పలికిన మాటలకు, చేసిన తీర్పులకు గల చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది. ఆ చరిత్రలో గోలకొండ సీమకు చెప్పుకొనదగిన భాగమున్నది.

ఇచ్చట ప్రణయకథ యనగా కవి తన ఊహతో నూతనముగా సృష్టించిన కథ మాత్రమే కాదు. లోకమునకు ముందే తెలిసిన నాయికానాయకులను గ్రహించి, మూలమున రెండు మాటలలో ముగిసిన వారి ప్రేమను విస్తరించి చెప్పుట ఒక పద్ధతి. మూలమున లేని ప్రేమను వారికి కల్పించుట మరియొక పద్ధతి. పాత్రలు పరాయివి, ప్రణయము మాత్రము క్రొత్తది. మన ప్రబంధములలో చాలభాగము ఈ తెగకు చెందినవే.

ఇందుకు పల్లెపల్లెకు తెలిసిన ఉదాహరణము శశిరేఖ కథ. వ్యాసభారతమున అభిమన్యుని భార్య విరటుని కూతురగు ఉత్తర. బలరాముని కుమార్తెయగు శశిరేఖ అందు కానరాదు. అయినను శశిరేఖాభిమన్యుల ప్రేమ, ఘటోత్కచుని మాయలు, లక్ష్మణకుమారుని పరాభవము తెలుగువారి ఇండ్లలో భారతకథతో సమానముగా చెల్లుబాటు అగుచున్నవి. వీథినాటకములు ఆ కథను పోషించినవి. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున పుట్టిన సురభి నాటక సమాజము మాయాబజారును తరతరములుగా ప్రదర్శించుచు వచ్చినది. 1936లో శశిరేఖా పరిణయము చలనచిత్రముగా వచ్చెను. 1957లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చిన మాయాబజారును చూడని తెలుగువాడు అరుదు. ఈ కథ మూలమున లేదని పండితులకు తెలియనిది కాదు. మరి దీనికి ఆమోదముద్ర వేసినవారెవరు? నేలమీద కూర్చుండి చూచిన ప్రేక్షకులే. వారు మరల మరల కోరిరి గనుక శశిరేఖ నిలిచెను. వారు పెదవి విరిచియుండిన ఆమె పేరు నేడు వినబడకయే పోయెడిది.

శంషాబాదు ప్రాంతము గోలకొండ దుర్గమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రాజమార్గము మీద ఉన్నది. షమ్సుల్ ఉమ్రా యను బిరుదు వహించిన పైగా ప్రభువులను బట్టి ఊరికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఇచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతము పేరు దేశదేశములకు ప్రాకినది. కాని విమానముల మ్రోతకు పూర్వమే, శతాబ్దములకు ముందే, ఈ నేల కథలను విని తలయూచిన నేల. నర్కూడ దరినున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము కాకతీయుల కాలమునాటిదని ప్రసిద్ధి. ఆ ఎత్తయిన గోపురము ఎదుట, ఆ కోనేటి మెట్లమీద నేటి చలనచిత్రముల ప్రణయఘట్టములు ఎన్నియో చిత్రింపబడినవి. ప్రాచీన ఆలయము ముందు నూతన ప్రేమకథను నిలుపు ఈ వేడుక క్రొత్తది కాదు. గోలకొండ కవులు నాలుగు వందల ఏండ్లకు పూర్వము చేసిన పనియు ఇదియే.

గోలకొండను 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా తన యౌవనమున కొన్ని సంవత్సరములు విజయనగరమున ఆశ్రయము పొందియుండెను. తెలుగు మీద మక్కువ అతనికి అచ్చటనే కలిగెనని చరిత్రకారుల అభిప్రాయము. తెలుగు కవులు అతనిని ‘మల్కిభరాము’డని తమ నుడికారమునకు మలచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈ ప్రభువునకే అంకితమిచ్చెను.

ఈ కథ పుట్టుకయే ఒక శ్రోత ప్రశ్నలో ఉన్నది. ఆదిపర్వమున గంధర్వుడొకడు అర్జునుని ‘తాపత్యా’ యని సంబోధించును. అర్జునుడు ఊరకుండడు. ‘మేము కుంతీపుత్రులము గదా, తాపత్యులము ఎట్లయితిమి?’ అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానముగా గంధర్వుడు సూర్యపుత్రికయగు తపతికిని, కురువంశ పూర్వికుడగు సంవరణునకును జరిగిన ప్రేమను చెప్పును. వేటకు పోయిన రాజు గుఱ్ఱము కూలగా కొండపై ఒంటరియై, ఆ కన్యను చూచి మోహించుట, ఆమె తండ్రిని అడుగుమని చెప్పి మాయమగుట, రాజు సూర్యుని ఆరాధించుట, వసిష్ఠుడు సూర్యుని యొద్దకు పోయి ఆమెను తోడి తెచ్చుట అందలి కథ. పెండ్లి పిమ్మట రాజు పండ్రెండేండ్లు కొండల మీదనే ప్రియురాలితో గడపగా రాజ్యమున వానలు కరవై ప్రజలు అలమటించిరని కూడ అందున్నది. వినువాడు అడుగకపోయినచో ఈ ప్రణయకథ చెప్పువాని నాలుక మీదనే నిలిచిపోయెడిది. మూలమున కొద్ది అధ్యాయములలో ముగిసిన ఆ ప్రేమ గోలకొండ కవి చేతిలో పూర్తి ప్రబంధమయ్యెను. వర్ణనలు పెరిగినవి, విరహము పెరిగినది. పారసీక ప్రేమగాథలు విన్న సభలో తెలుగు ప్రేమగాథకు కూడ చోటు దొరికినది.

అదే కాలమున పటాన్‌చెరువు ప్రాంతమున అధికారము వహించిన అమీన్ ఖానునకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. ఇదియు భారతకథయే. దేవయాని, శర్మిష్ఠ, యయాతి అందరకు తెలిసినవారే. కవి చేసిన సాహసము భాషలో ఉన్నది. సంస్కృత సమములను విడిచి అచ్చ తెనుగున కావ్యమంతయు నడపెను. అచ్చతెనుగు కావ్యములలో దీనిని మొదటిదిగా పరిగణింతురు. దేశిపదములన్నియు సామాన్యునకు సులభములని తలపరాదు. వానిలో కొన్ని సంస్కృతపదములకంటె కఠినములు. అయినను తెలిసిన ప్రేమకథను వినని మాటలలో చెప్పగా శ్రోతల చెవి ఎట్లు స్పందించునో కవి పరీక్షింపదలచెను. అచ్చతెనుగు కావ్యములు ఆ పిమ్మట మరికొన్ని పుట్టుటను బట్టి ఆ పరీక్ష నెగ్గినదని చెప్పవచ్చును.

ఆ దినములలో చదువరి యనగా ముఖ్యముగా వినువాడే. తాటియాకు ప్రతి ఊరికొకటి యుండుటయు అరుదు. రాజసభలో పండితులు విని గుణదోషములు చర్చించెడివారు. పల్లెలో రచ్చబండ మీదనో, గుడి మండపమునందో ఒకరు పద్యము చదువగా మరియొకరు అర్థము చెప్పెడివారు. వినువారు నడుమ అడ్డుపడి సందేహములు అడిగెడివారు, నచ్చిన పద్యమును మరల చదివించుకొనెడివారు. రుచింపని వర్ణనల వద్ద ఆవులింతయే వారి విమర్శ. కవులకు ఈ సంగతి చక్కగా తెలియును. అందుచేతనే ప్రబంధముల అవతారికలలో సుకవులను స్తుతించుటయే గాక కుకవులను నిందించుటయు, అసూయతో తప్పులు వెదకువారిని దెప్పుటయు పరిపాటి యయ్యెను. పుస్తకము ఇంకను మొదలుకాకముందే విమర్శకునకు జవాబు సిద్ధమై యుండెడిది. చదువరి మాటకు కవి ఎంత వెఱచెనో, ఎంత ఆశపడెనో ఆ పద్యములే సాక్ష్యము.

గోలకొండలో తెలుగుతో పాటు దక్కనీ భాషయు వర్ధిల్లెను. అందును ఇదే తీరు కానవచ్చును. ముల్లా వజ్హీ యను కవి 1609లో కుతుబ్ ముష్తరీ యను ప్రణయకావ్యమును వ్రాసెను. అందలి నాయకుడు పురాణపురుషుడు కాడు. సింహాసనము మీద నున్న మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరుననే కవి ఒక రాకుమారుని నిలిపి, స్వప్నమున చూచిన సుందరికై అతడు దూరదేశమగు వంగమునకు పోయినట్లు కథ కల్పించెను. బ్రతికియున్న ప్రభువునకు కల్పిత ప్రేమను అంటగట్టుట ఎంత సాహసమో చెప్పనక్కరలేదు. అంతటి సాహసికుడగు ఆ కవియు మంచి కవిత్వము ఎట్లుండవలెనో తన కావ్యములోనే వివరించి, వినువారి తీర్పునకు కొలమానమును తానే అందించెను.

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1655 ప్రాంతమున, అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలో ఇబ్న్ నిషాతీ ఫూల్‌బన్ అను ప్రేమకావ్యమును రచించెను. అది పారసీక మూలమునుండి గ్రహించిన కథ. అందు కవి తన కాలమునకు ముందే కీర్తిశేషులైన ఫిరోజ్ మొదలగు గురుతుల్యులను తలచుకొని, వారు జీవించియుండిన తన కవిత్వమునకు తగిన మెప్పు ఇచ్చియుందురే యని వాపోయెను. కవికి కొరతపడినది చదివి న్యాయము చెప్పగల మనిషి. ఈ వేదన ఏ భాషలోని కవికైనను, ఏ కాలపు కవికైనను ఒక్కటే.

ఇట్టి గోలకొండలోనే కరణము వృత్తి చేయుచు, మహమ్మద్ కులీ కాలమున సారంగు తమ్మయ వైజయంతీ విలాసమును వ్రాసెను. ఇది విప్రనారాయణుని కథ. శ్రీరంగమున పూలతోట పెంచి స్వామికి మాలలు సమర్పించు భక్తుని, దేవదేవి యను వేశ్య తన అక్కతో పందెము వేసి, దాసివలె తోటలో చేరి వశపరచుకొనును. పిదప అతడు ధనము లేక గెంటివేయబడగా, రంగనాథుడే బంగారు పాత్రను ఆమెకు చేర్చి, దొంగతనము మోపబడిన భక్తుని తుదకు కాపాడును. చదలువాడ మల్లయ యను కవియు ఈ కథనే కావ్యముగా చెప్పెను. ఒక ఆళ్వారు జీవితమునుండి గ్రహించిన కథను ఇరువురు కవులు తమతమ రీతుల చెప్పిరనగా దానిని కోరినవారు మెండుగా ఉండిరనుట స్పష్టము. 1954లో భరణీవారు దానిని విప్రనారాయణ యను చలనచిత్రముగా తీసి ఇంకను విశాలమైన ప్రేక్షకలోకమునకు అందించిరి. అంతకు పూర్వమే, ఇరువదవ శతాబ్దపు ఆరంభమున, ఈ గోలకొండ కరణము కావ్యము పేరు దూరమున నున్న చెన్నపట్నములో ఒక గొప్ప వివాదమున సాక్ష్యముగా నిలిచెను. తెలుగు చదువరుల చరిత్రలో అంతకంటె ముఖ్యమైన ఘట్టము వేరొకటి లేదు.

ఆ వివాదమునకు కారణమైన కావ్యము రాధికాసాంత్వనము. దానిని రచించినది ముద్దుపళని. ఈమె పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన విదుషి, దేవదాసీ కులమున పుట్టినది. ఆ ప్రభువులు మహారాష్ట్రులైనను వారి సభలో తెలుగు కవిత్వమునకు లోటులేదు. రాధాకృష్ణుల ప్రేమ లోకమునకు క్రొత్తది కాదు. ముద్దుపళని చేసిన క్రొత్తదనము వేరు. రాధ తాను పెంచిన ఇళాదేవిని స్వయముగా కృష్ణునకు పెండ్లిచేసి, ఆ పిమ్మట అసూయతో, దుఃఖముతో కుమిలిపోవును. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చి, బతిమాలి, సాంత్వనపరచుటయే కథకు ముగింపు. స్త్రీ మనస్సులోని కోరికను, కోపమును స్త్రీయే దాచకుండ చెప్పుట ఆ కావ్యపు విశేషము. అదియే దానికి కీర్తిని, కష్టమును కూడ తెచ్చెను.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని పాండిత్యమును, పద్యముల మాధుర్యమును అంగీకరించుచునే, కావ్యములోని శృంగారము స్త్రీలు వినదగినది కాదని తీవ్రముగా ఖండించిరి. ఆమె కులమును కూడ ఎత్తిచూపిరి. పంతులుగారి ఉద్దేశమును అపార్థము చేసికొనరాదు. వేశ్యావ్యవస్థ సంసారములను చెరచుచున్నదని నమ్మి, దానిని నిర్మూలింపవలెనని జీవితాంతము శ్రమించిన సంస్కర్త ఆయన. వితంతువులకు వివాహములు చేయించి, ఆడుపిల్లల చదువునకై పాటుపడిన మహనీయుడు. ఆయన దృష్టిలో కావ్యము సంఘమును బాగుచేయు సాధనము. ఆ కొలతతో చూచినపుడు రాధికాసాంత్వనము ఆయనకు రుచింపలేదు. చదువరిగా ఆ మాట చెప్పుటకు ఆయనకు హక్కున్నది.

అప్పుడు మరియొక చదువరి ముందునకు వచ్చెను. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో జన్మించిన ఈ విదుషీమణి సంగీతమున దేశప్రఖ్యాతి గాంచినది. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి తన ధనముతో మందిరము కట్టించిన పుణ్యశాలి. ముద్దుపళని పేరు విని, ఆమె కావ్యమును చదువవలెనని నాగరత్నమ్మ చాలకాలము వెదకెను. బ్రౌను దొరగారి కాలపు పండితులలో ఒకరగు పైడిపాటి వెంకటనరసుగారు 1887లో ప్రకటించిన ప్రతి ఆమెకు దొరికెను. పిదప వ్రాతప్రతి యొకటి లభించెను. రెండింటిని సరిపోల్చి చూడగా అచ్చుప్రతిలో కొన్ని పద్యములు లేవు, కవయిత్రి తన వంశమును గూర్చి చెప్పుకొన్న భాగమును కానరాలేదు. పుస్తకమును చదివిన ఆమెకు అది మనోహరమైన కావ్యమని తోచెను. లోపించిన భాగములను చేర్చి, సరిచూచి, 1910లో చెన్నపురి వావిళ్లవారి ద్వారా పూర్ణప్రతిని వెలువరించెను.

పీఠికలో ఆమె పంతులుగారికి సమాధానము చెప్పెను. శృంగారము చెప్పుటయే దోషమైనచో ఆ దోషము పురుషకవులకు లేదా యని అడిగెను. సిగ్గు స్త్రీలకు మాత్రమే ఉండవలెనా యని నిలదీసెను. గోలకొండ కరణము వ్రాసిన వైజయంతీ విలాసమును పంతులుగారే పరిష్కరించి ప్రకటనకు ఆమోదింపలేదా, దానికంటె రాధికాసాంత్వనము ఏ విధముగా హీనమని ఆమె వాదము. వేశ్య కథను పురుషుడు చెప్పిన చెల్లును, వేశ్యాకులమున పుట్టిన స్త్రీ రాధ కథను చెప్పిన చెల్లదా యని ఆ మాటలలోని సారము. కావ్యమును నిందించిన వాక్యమునకు కావ్యమును చదివిన వాక్యమే జవాబైనది.

ఇంతవరకు జరిగినది సాహిత్యచర్చ. ఇరువురు చదువరులు రెండు తీర్పులు చెప్పిరి. మూడవ చదువరి ఎవరి పక్షము వహించునో పుస్తకము చేతబట్టి తానే తేల్చుకొనవలసియుండెను. కాని వ్యవహారము అట్లు సాగలేదు. పత్రికలలో పుస్తకముపై విమర్శలు వచ్చినవి. 1911లో చెన్నపట్నపు పోలీసువారు వావిళ్లవారి దుకాణమున ప్రతులను స్వాధీనము చేసికొనిరి. రాధికాసాంత్వనముతో పాటు మరికొన్ని ప్రాచీన శృంగార కావ్యములపైనను కేసులు నడచినవి. పండితులనేకులు ప్రభుత్వమునకు విన్నపములు పంపిరి. ఈ గ్రంథములు నిషిద్ధములైనచో తెలుగు సాహిత్యమునకు, విద్యాలోకమునకు తీరని నష్టము కలుగునని మొరపెట్టిరి. అయినను నిషేధము తొలగలేదు. సముద్రములు దాటి వచ్చిన పాలకులు, తెలుగు పద్యమునకు ఇంగ్లీషు తర్జుమా చూచి, తెలుగువారు ఏది చదువవలెనో ఏది చదువరాదో నిర్ణయించిరి. ముప్పది ఐదేండ్లు ఆ కావ్యము అంగడిలో చూపరాని వస్తువై చాటున మెలగవలసివచ్చినది.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా నున్నపుడు ఈ నిషేధము తొలగుటకు పూనుకొనిరి. 1947లో రాధికాసాంత్వనమునకును, దాని తోడి కావ్యములకును విముక్తి లభించెను. 1952లో వావిళ్లవారు దానిని మరల ముద్రించిరి. నాగరత్నమ్మ ఆ సంవత్సరముననే పరమపదించెను. తాను నమ్మిన పుస్తకమునకు సంకెలలు వీడుట ఆమె చూడగలిగినది.

ఈ ఘట్టము చదువరులకు నేర్పు పాఠము స్పష్టముగా ఉన్నది. వీరేశలింగంగారు పుస్తకమును నిందించిరి. అందువలన పుస్తకము చావలేదు, సరికదా ఆ నిందకు జవాబు చెప్పవలెనను పట్టుదల ఒకరికి కలిగెను. పరుషమైన విమర్శయు కావ్యమునకు ఒక విధమైన సేవయే. పుస్తకమునకు నిజమైన అపకారము ఎప్పుడు జరిగినది? ఇతరుల చేతినుండి దానిని లాగివేసినపుడు. అచ్చుప్రతినుండి పద్యములను చాటుగా తీసివేసినపుడు. ‘నాకు నచ్చలేదు’ అనుట చదువరి హక్కు. ‘నాకు నచ్చలేదు గనుక నీవు చదువరాదు’ అనుట హక్కు కాదు. ఈ రెండింటి నడుమ గల గీత ప్రణయకావ్యముల విషయమున మరింత సన్నమైనది. ప్రేమను గూర్చిన మాట రాగానే తీర్పు చెప్పువాడు పుస్తకమును విడిచి, వ్రాసినవారి కులమును, స్త్రీత్వమును, వయస్సును విచారింప మొదలిడును. ముద్దుపళనికి జరిగిన అన్యాయము అదియే. మరణించిన నూరేండ్లకు పైబడి ఆమె కావ్యము ఎక్కిన న్యాయస్థానమున ఆమె పద్యములతో పాటు ఆమె పుట్టుకయు బోనులో నిలువవలసివచ్చెను.

చదువరి ప్రేమతో చేసిన మంచికి కూడ ఉదాహరణములున్నవి. తంజావూరు రఘునాథనాయకుని కాలమున చేమకూర వేంకటకవి వ్రాసిన విజయవిలాసము అర్జునుని తీర్థయాత్రలోని మూడు ప్రేమలను, ఉలూచి, చిత్రాంగద, సుభద్రల కథలను విస్తరించిన కావ్యము. పద్యము పద్యమునను చమత్కారము దాగియున్న ఆ కావ్యమునకు తాపీ ధర్మారావుగారు హృదయోల్లాస వ్యాఖ్యను సమకూర్చిరి. ‘ఇచ్చట చూడుడు, కవి ఎంత గడుసువాడో’ యని ప్రక్కన కూర్చుండి చెప్పు స్నేహితుని తీరున అది సాగును. మూడు శతాబ్దములకు పూర్వపు ప్రేమకథపై ఒక పాఠకుని మెప్పుదల అంతటి గ్రంథమై, 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందినది. చదువరి మాట సాహిత్యమే యగునని ఇంతకంటె నిదర్శన మేల?

ఇట్టి చదువరులు ఊరక పుట్టరు. పుస్తకము చేతికి అందినగాని చదువరి లేడు. హైదరాబాదు సంస్థానమున తెలుగు చదువునకు ఆదరణ కొరవడిన కాలమున, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకటరంగారావు మొదలగువారు హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. ఆ దీపమునుండి వెలిగించిన దీపములే తెలంగాణ పల్లెలలోని గ్రంథాలయములు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలంగాణమున కవులు లేరని ఒకరు పలికిన మాటకు కోపము తెచ్చుకొని ఊరకుండక, 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానము చెప్పిరి. నాగరత్నమ్మ పంతులుగారికి చెప్పిన సమాధానము ఎట్టిదో ఇదియు అట్టిదే. తప్పు మాటకు తగిన జవాబు పుస్తకమే.

కాలము మారినది. ఒకనాడు జొన్నచేలు, చెఱువులు నుండిన శంషాబాదు పరిసరములలో నేడు సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము విస్తరించియున్నది. ఇచ్చటి యువతీయువకులు చదువు కథలును మారినవి. తమకు ప్రియమైన చలనచిత్రముల నుండియు, నవలల నుండియు పాత్రలను గ్రహించి, వారికి తమ ఊహలలోని ప్రేమలను కల్పించి వ్రాయువారు లోకమంతట నేడు లెక్కకు మించియున్నారు. చదివినవారు ఆ కథకు ఆనాడే మెప్పును, నిందను, కోరికను తెలుపుచున్నారు. ‘వారిద్దరిని కలుపుడు’ అని బతిమాలుచున్నారు. పెద్దలు దీనిని చూచి ఇది ఏమి క్రొత్త వెఱ్ఱి యని ముక్కుమీద వేలు వేసికొనవచ్చును. కాని శశిరేఖను అభిమన్యునితో కలిపినది ఈ వెఱ్ఱియే. తపతీసంవరణుల కథను మల్కిభరాముని సభకు చేర్చినదియు ఇదియే. ఆ వ్రాతలలో తాలు ఎక్కువ, గింజ తక్కువ కావచ్చును. ఏ కాలపు పంటయైనను అంతియే. చెరుగుటకు చేటయుండవలెను. ఆ చేట చదువరి వివేకము.

ఆ వివేకమునకు మూడు నియమములు చాలును. మొదటిది, పూర్తిగా చదివిన పిమ్మటనే తీర్పు చెప్పుట. నాగరత్నమ్మ రెండు ప్రతులను దగ్గర నుంచుకొని చదివినది. రెండవది, వ్రాసినవారి పుట్టుపూర్వోత్తరములను గాక వ్రాసినదానిని విచారించుట. మూడవది, మెచ్చినను మెచ్చకున్నను ఆ మాటను కారణముతో చెప్పుట. కారణము లేని పొగడ్త కవికి ఉపకరింపదు. కారణము లేని తిట్టు తిట్టినవానికైనను ఉపకరింపదు.

గ్రంథాలయపు బల్లమీద పుస్తకముల పట్టికతో పాటు చదివినవారి అభిప్రాయములు వ్రాయుటకు ఒక పుస్తకమును ఉంచుట మంచి ఆచారము. పది సంవత్సరములలో ఎన్ని పుస్తకములు చేరినవో దస్తావేజులు చెప్పును. ఆ పుస్తకములు ఎవరి హృదయమును తాకినవో, ఎవరికి కోపము తెప్పించినవో ఆ అభిప్రాయముల పుస్తకము మాత్రమే చెప్పగలదు. ఇరువదియైదేండ్ల తరువాత స్వర్ణోత్సవము జరుపు తరమువారు ఆ పుటలను తిరుగవేసి, తమ తాతలును అవ్వలును ఏ ప్రేమకథ చదివి కన్నీరు పెట్టిరో, దేనిని మధ్యలోనే మూసివేసిరో తెలిసికొందురు. ఫూల్‌బన్ కవి తనకు లేరని విలపించిన చదువరులు అచ్చట వరుసగా సంతకములు చేసియుందురు.